గన్ కొనే ముందు బంగారం లాకర్లో పెట్టాం

పోయిన దసరా అప్పుడు ఒక శనివారం మా వెనక వీధిలో తెలుగువాళ్ళ ఇంట్లో దొంగలు పడ్డారు. వాళ్ళు గుడికెళ్ళి రెండు గంటల్లో తిరిగొచ్చారు, అంతలోనే అయిపోయింది. వెనక స్లైడింగ్ డోర్ పగలగొట్టి సూటిగా మాస్టర్ క్లోజెట్‌కి వెళ్ళి బంగారం పట్టుకుపోయారు, టీవీ ముట్టుకోలేదు, లాప్‌టాప్‌లు ముట్టుకోలేదు. ఆ అమ్మాయికి పెళ్ళిలో వాళ్ళమ్మ పెట్టిన కాసులపేరు కూడా పోయింది. ఆ రాత్రి నుంచి మా వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే మాట, గన్ కొనాలి, ఏది కొనాలి, ఎక్కడ చవక.

మేం రెండేళ్ళ క్రితమే కొన్నాం, ఆ సంగతి కొంతమందికి తెలుసు కాబట్టి వరసగా ఫోన్లు. ఒక్కొక్కరికీ చెప్పిందే చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. నేను లాయర్‌ని కాదు, ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని, టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం, మా ఆయన సోమవారం తెల్లవారుజామున ఫ్లైట్ ఎక్కితే గురువారం రాత్రికి ఇంటికొస్తారు. ఆ మూడు రాత్రులు నేనూ పిల్లలే. అందుకే మా ఇంట్లో ఈ గన్ విషయం అంతా నేనే దగ్గరుండి చూసుకున్నాను.

ముందు భయం సంగతి. మనవాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు. 2011 నుంచి 2014 వరకు ఒక ముఠా జార్జియా, న్యూయార్క్, మిచిగన్, మా టెక్సస్, ఇలా చాలా చోట్ల మన ఇండియన్, ఏషియన్ ఇళ్ళనే ఏరి దోచుకుంది, ఇంట్లో మనుషులు ఉండగానే వచ్చి గన్ చూపించి కట్టేసి మరీ. దాన్ని నడిపిన ఆవిడ టెక్సస్ మనిషే, 2019లో మిచిగన్ ఫెడరల్ కోర్టు 37 ఏళ్ళు వేసింది. మన దగ్గర బంగారం ఉంటుందనీ, ఇంట్లోనే ఉంటుందనీ వాళ్ళకి తెలుసు. 2017లో కాన్సస్‌లో ఒలేతా బార్‌లో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపినప్పుడు నాకు నిద్ర పట్టలేదు, ఆ వారమంతా మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా గుమ్మం వైపే చూస్తూ కూర్చునేదాన్ని. కాబట్టి భయపడుతున్నవాళ్ళని నేనేమీ అనను.

కానీ ఆలోచించండి, ఆ వెనక వీధి వాళ్ళు ఆ రోజు ఇంట్లోనే లేరు. గన్ ఉండుంటే బంగారంతో పాటు అది కూడా పోయేది, అంతే.

అందుకే నన్నడిగినవాళ్ళకి నేను మొదట అడిగేది మీ హోమ్ ఇన్సూరెన్స్ కాగితాలు ఎప్పుడైనా చదివారా అని. మామూలుగా అందరికీ ఉండే హెచ్‌ఓ-3 పాలసీలో కొన్ని వస్తువులకి విడిగా లిమిట్ ఉంటుంది, స్టాండర్డ్ ఫారంలో నగలు దొంగతనంలో పోతే మొత్తం కలిపి 1,500 డాలర్లే, గన్‌లు పోతే 2,500, క్యాష్ అయితే 200. ఇంట్లో లక్ష డాలర్ల సామాను కవర్ అవుతుందని మనం అనుకుంటాం, పెళ్ళినాటి నగలన్నిటికీ కలిపి పదిహేను వందలు. ఆపైన డిడక్టిబుల్, అంటే ముందు మన జేబులోంచి పోయేది. టెక్సస్‌లో చాలా పాలసీల్లో అది ఇంటి ఇన్సూర్డ్ వేల్యూలో 1 శాతమో 2 శాతమో ఉంటుంది, మాది 5 లక్షలకి 1 శాతం అంటే 5,000. 600 డాలర్ల గన్ ఒక్కటే పోతే నాకు వచ్చేది సున్నా. బంగారం ఒక్కటే పోయినా సున్నానే. ఇది మా ఏజెంట్ చెప్పలేదు, నేను కూర్చుని చదువుకుంటే తెలిసింది, మళ్ళీ ఫోన్ చేసి అడిగితే అవునండీ అన్నాడు.

దాంతో మేం చేసిన మొదటి పని గన్ షాపుకి వెళ్ళడం కాదు. బ్యాంకులో లాకర్ తీసుకున్నాం, తరచుగా వేసుకునే నాలుగు ముక్కలు మాత్రం ఇంట్లో ఉంచి వాటికి అప్రైజల్ చేయించి పాలసీలో విడివిడిగా రాయించాం, అంటే షెడ్యూల్ చేయించాం, రైడర్ అంటారు కదా అది. దానికి డిడక్టిబుల్ లేదు. లాకర్లో పెట్టినవాటికి బ్యాంకు ఇన్సూరెన్స్ ఉండదు, అది కూడా గుర్తుంచుకోండి, వాటికీ పాలసీలో రాయించాలి, లాకర్లో ఉన్నవైతే ప్రీమియం కూడా తగ్గించారు మాకు. తర్వాత తలుపులు. ముందు తలుపు డెడ్‌బోల్ట్ బిగించే స్ట్రైక్ ప్లేట్‌కి బిల్డర్ కొట్టిన స్క్రూలు ముప్పావు అంగుళం ఉన్నాయి, ఒక్క తన్నుకి ఊడిపోతాయి, 3 అంగుళాల స్క్రూలు వేస్తే గోడలోపలి కలప దాకా దిగుతాయి. అయిదు డాలర్ల పని, కానీ దీనికి ఎవ్వరూ ఫోన్ చేసి అడగరు. వెనక స్లైడింగ్ డోర్‌కి అడ్డంగా బార్, అన్ని తలుపులకీ సెన్సర్లు. ఇవన్నీ అయ్యాకే గన్ మాట.

ఇప్పుడు అసలు కొనొచ్చా లేదా. ఇది మనవాళ్ళలో చాలామందికి తెలీదు, తెలీకపోతే జీవితమే పోతుంది. హెచ్-1బీ, హెచ్4, ఎఫ్-1, బీ2, ఇలా నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు, బుల్లెట్లు కూడా పెట్టుకోకూడదు, ఇది ఫెడరల్ చట్టం, టెక్సస్‌లో అందరి దగ్గరా ఉంటాయి కదా అంటే కుదరదు. దీనికి కొద్ది మినహాయింపులే ఉన్నాయి, మనవాళ్ళు ఎక్కువగా వాడేది హంటింగ్ లైసెన్స్. కొంతమంది ఆన్‌లైన్‌లో ఆ లైసెన్స్ తీసుకుని దాన్ని చూపించి కొంటున్నారు. చట్టప్రకారం అది సరే కావచ్చు, కానీ లైసెన్స్ ఎక్స్‌పైర్ అయిన మర్నాడు ఇంట్లో ఆ గన్ ఉండటమే నేరం, ఎంతమంది ఆ తేదీ గుర్తుపెట్టుకుంటున్నారో. పైగా లైసెన్స్ ఉన్నంత మాత్రాన వాడటం రాదు. 2024 నవంబరులో జార్జియాలో మన తెలంగాణ కుర్రాడొకడు, చదువుకోవడానికి వచ్చినవాడు, పుట్టినరోజు నాడు హంటింగ్ గన్ క్లీన్ చేస్తుంటే పేలి చనిపోయాడు. ఆ వార్త చదివినప్పుడు ఆ తల్లి ఎలా బతుకుతుందా అనిపించింది.

గ్రీన్ కార్డ్ ఉంటే కొనొచ్చు. షాపులో కొనేవాళ్ళ వివరాలు అడిగే ఫారం 4473 నింపాలి, టెక్సస్ డ్రైవింగ్ లైసెన్స్ మీద ఇప్పుడుంటున్న అడ్రసే ఉండాలి, గ్రీన్ కార్డ్ మీద ఉండే ఏ-నంబర్ రాయాలి, తర్వాత ఎఫ్‌బీఐ వాళ్ళ నిక్స్ చెక్, అంటే కొనేవాళ్ళ మీద పాత కేసులున్నాయేమో చూసేది. నాది డిలే అని వచ్చింది, మూడు పనిదినాలు ఆగాక ప్రొసీడ్ వచ్చింది, కంగారు పడక్కర్లేదు, పేర్లు కలవడం వల్ల కూడా అలా అవుతుందట. షాపులో పిస్టల్ కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి, రైఫిలో షాట్‌గనో అయితే 18.

మొన్న ఒక తమ్ముడు, మా ఆయన పాత ఆఫీసులో పనిచేసే అబ్బాయి, హెచ్-1బీ, ఫోన్ చేసి "వదినా, మీ పేరు మీద ఒకటి తీసుకుని పెట్టండి, డబ్బులు జెల్ చేస్తాను" అన్నాడు. అమాయకంగానే అడిగాడు, ఫోన్ ప్లాన్‌లో లైన్ యాడ్ చేయమన్నట్టు. నాయనా అది స్ట్రా పర్చేజ్, అంటే ఇంకొకరి కోసం మన పేరు మీద కొనడం, 2022లో వచ్చిన చట్టం ప్రకారం 15 ఏళ్ళ దాకా జైలు, నాకు గ్రీన్ కార్డ్ పోతుంది, నీకు వీసా పోతుంది, ఇంకెవరినీ ఇలా అడక్కు అని గట్టిగానే చెప్పాను. బాధపడ్డాడేమో కూడా. ఇంకోటి, భర్తకి గ్రీన్ కార్డ్ ఉండి భార్యకి ఇంకా రాలేదనుకోండి, గన్ ఆయనదే అయినా ఆవిడకి సేఫ్ కోడ్ తెలిస్తే ఆవిడ దగ్గర కూడా ఉన్నట్టే లెక్కేసే అవకాశం ఉంది. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు సరదాగా గన్ కాల్చే రేంజ్‌కి తీసుకెళ్ళి చేతికిచ్చి ఫోటోలు తీసి పెడుతున్నారు, విజిటర్ వీసా మీద ఉన్న మనిషి చేతిలో గన్ పెట్టడం అది. దయచేసి చేయకండి.

ఇక ఏది కొనాలి. మా ఆయన యూట్యూబ్ చూసి ఏఆర్-15 రైఫిల్ అన్నారు, తర్వాత షాట్‌గన్ అన్నారు. మా తాతయ్య దగ్గర డబుల్ బ్యారెల్ ఉండేది, మాచర్ల దగ్గర పల్లె మాది, అక్కడ ట్వెల్వ్ బోర్ అనేవాళ్ళు, ఇక్కడ 12 గేజ్ అంటారు, రెండూ ఒకటే. ఎలక్షన్లు వచ్చాయంటే చాలు స్టేషన్ నుంచి కబురొచ్చేది, తాతయ్య దాన్ని పాత పంచెలో చుట్టుకుని వెళ్ళి అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు, ఆ రసీదు భూమి కాగితాలతో పాటు ఇనప్పెట్టెలో ఉండేది. అందుకని షాట్‌గన్ అనగానే నాకూ కాస్త మనసు లాగింది. కానీ రేంజ్‌లో అద్దెకి తీసుకుని పంప్ యాక్షన్ 12 గేజ్ అయిదు రౌండ్లు కాల్చేసరికి భుజం కమిలిపోయింది, ఆరో రౌండ్‌కి భయంతో కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకుని కాల్చే గన్ ఇంట్లో ఎందుకు? 20 గేజ్ కొంచెం నయం. కానీ రెండు చేతులూ దానికే పోతాయి, పాపని ఎత్తుకోవాలన్నా ఫోన్‌లో 911 మాట్లాడాలన్నా చెయ్యి ఖాళీ ఉండదు. షాట్‌గన్ అయితే గురి చూడక్కర్లేదు అంతా చెదిరి తగులుతుంది అంటారు, అదీ తప్పే, గదిలో ఉండే దూరానికి ఆ గుళ్ళు మహా అయితే అరచేయంత వెడల్పే చెదురుతాయి.

9 ఎంఎం పిస్టల్స్‌లో అందరూ చెప్పే గ్లాక్ 19 కూడా కాల్చాను, కాల్చడం బానే ఉంది కానీ స్లైడ్ (పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) వెనక్కి లాగడం నాకు కష్టమైంది, చేతికి చెమట పడితే అసలు రాలేదు. చివరికి తీసుకుంది స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ, స్లైడ్ తేలిగ్గా వస్తుంది, మ్యాగజైన్‌లో 8 పడతాయి, పట్టు గట్టిగా పట్టుకుంటేనే పేలేలా వెనకాల గ్రిప్ సేఫ్టీ ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్ళు మాత్రం సీరియల్ నంబర్ చూసుకోండి, 2020 నవంబరులో ఈ 9 ఎంఎం మోడల్‌కి హామర్ విషయంలో రీకాల్ వచ్చింది. మీ చేతికి ఇదే బాగుంటుందని నేను చెప్పలేను, నాలుగు రకాలు అద్దెకి తీసుకుని కాల్చి చూడండి, షాపులో పట్టుకుని చూస్తే ఏమీ తెలీదు.

గన్ కంటే నేను ఎక్కువ రోజులు ఆలోచించింది మా ఇంటి గోడల గురించి. ఇక్కడ ఇళ్ళు తెలుసు కదా, గదుల మధ్య గోడ అంటే రెండు వైపులా అరంగుళం జిప్సం బోర్డు, అదే షీట్‌రాక్, మధ్యలో ఖాళీ. మనూళ్ళో లాగా ఇటుక గోడ కాదు. పిస్టల్ బుల్లెట్ అలాంటివి రెండు మూడు గోడలు దాటిపోతుంది, తగలగానే విచ్చుకునేలా ముందు రంధ్రం ఉండే హాలో పాయింట్ అయినా సరే, రంధ్రంలో జిప్సం పొడి నిండిపోతే అది విచ్చుకోదు, అలాగే దూసుకుపోతుంది. మా ఇంట్లో మాస్టర్ బెడ్‌రూమ్ కింద, పిల్లల గదులు పైన. రాత్రి నేను నా గది గుమ్మంలో నిలబడితే ఎదురుగా మెట్లు, మెట్ల పైన పాప గది గోడ. అంటే దొంగ మెట్ల దగ్గర ఉంటే నేను కాల్చే ప్రతి బుల్లెట్టూ పాప మంచం వైపే వెళ్తుంది. ఇది కాగితం మీద గీసుకుని చూసిన రోజు నా చేతులు చల్లబడ్డాయి. అప్పటి నుంచి మా ప్లాన్ మారింది. అలారం మోగితే నేను పైకి పిల్లల దగ్గరికి వెళ్తాను, ముగ్గురం పాప గదిలో తలుపు వేసుకుని 911కి ఫోన్ చేస్తాం, గన్ అక్కడి నుంచి మెట్ల వైపుకి, అంటే కిందికి మాత్రమే. సేఫ్ కూడా అందుకే పైన కారిడార్ క్లోజెట్‌లో ఉంది, నా మంచం పక్కన లేదు. ఇల్లంతా వెతుక్కుంటూ తిరగడం పోలీసుల పని. టెక్సస్‌లో మన ఇంట్లోకి బలవంతంగా చొరబడినవాడి మీద ప్రాణరక్షణకి కాల్చే హక్కు ఉంది, వెనక్కి తగ్గాలన్న రూల్ లేదు, పీనల్ కోడ్ 9వ చాప్టర్‌లో ఉంటుంది చదవండి, కొన్ని పరిస్థితుల్లో ఆస్తి కోసం కూడా ఒప్పుకుంటుంది. కానీ మేమిద్దరం కూర్చుని ఒక మాట అనుకున్నాం, వస్తువు కోసం కాల్చేది లేదు, పట్టుకుపోనీ. ఇన్సూరెన్స్ చేయించింది అందుకే కదా.

సేఫ్ గురించి. వేలిముద్రది తీసుకుందాం అన్నారు అందరూ. 2023 అక్టోబరులో ఒక కంపెనీవి 61 వేల బయోమెట్రిక్ సేఫ్‌లు రీకాల్ చేశారు, ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటున్నాయని, 12 ఏళ్ళ పిల్లాడు చనిపోయాడు అందులో. మేం తీసుకుంది బటన్లు నొక్కే మెకానికల్‌ది, బ్యాటరీ అక్కర్లేదు, చీకట్లో తడుముకుని తీయొచ్చు, గోడలోపలి కలపకి నాలుగు బోల్టులతో బిగించాం. అరచేతిలో పట్టేంత సేఫ్‌ని బిగించకపోతే దొంగ సేఫ్‌తో సహా చంకలో పెట్టుకుపోతాడు. పిస్టల్ కొంటే లాక్ ఒకటి ఇవ్వడం 2005 నుంచి చట్టంలోనే ఉంది, డబ్బాలో కేబుల్ లాక్ వస్తుంది, అదొక్కటి చాలనుకోకండి, లేనిదాని కన్నా నయం. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడెడ్ గన్ అందేలా వదిలేస్తే అదే నేరం, పిల్లలు కాల్చి ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఏడాది జైలు, 4,000 డాలర్ల జరిమానా దాకా ఉంది. జరిమానా లెక్క ఎవరికి కావాలి గానీ.

ఇక్కడ ఒక విషయం మొహమాటం లేకుండా రాస్తాను. అమెరికాలో గన్‌తో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. 2021లో 48,830 మంది చనిపోతే అందులో 26,328 మంది తమని తామే కాల్చుకున్నారు. మిగతా పద్ధతుల్లో ప్రయత్నించిన చాలామంది బతుకుతారు, గన్‌తో పదిమందిలో తొమ్మిదిమంది బతకరు. మా బాబుకి 14. మంచి పిల్లాడే, కానీ ఆ వయసు పిల్లల మనసులో ఏముందో నాకు తెలుసని ఏ తల్లి ధైర్యంగా చెప్పగలదు, ఇక్కడి స్కూళ్ళలో ర్యాంకుల ఒత్తిడి చూస్తున్నాం, మన ఇళ్ళల్లో మనం పెట్టే ఒత్తిడీ చూస్తున్నాం. అందుకే కోడ్ మా ఇద్దరికే తెలుసు, ఆరు నెలలకోసారి మారుస్తాం, మాలో ఎవరికి మనసు బాగోకపోయినా గన్ ఇంట్లోంచి తీసేయాలని ముందే మాట అనుకున్నాం. పోయినేడాది మా ఆయనకి లేఆఫ్ అయింది. రెండు నెలలు సరిగ్గా నిద్రపోలేదు మనిషి. నేను ఏమీ అనకుండా కోడ్ మార్చేశాను, ఆయన కూడా ఏమీ అనలేదు. మీ పిల్లలు స్లీప్ ఓవర్‌కి వెళ్తుంటే ఆ ఇంటివాళ్ళని అడగండి, గన్ ఉందా, తాళం వేసి ఉందా అని. నేను అడుగుతాను. ఒకావిడ మొహం ముడుచుకుంది, ముడుచుకోనీ.

అత్తయ్య వచ్చిన నాలుగో రాత్రి సంగతి చెప్తాను. మా ఆయన ఊళ్ళో లేరు. తెల్లవారుజామున మూడు గంటల నలభై నిమిషాలకి వెనక తలుపు సెన్సర్ మోగింది. ప్లాన్ ప్రకారమే పైకి పరిగెత్తాను, క్లోజెట్ తీశాను, బటన్ల మీద వేళ్ళు పెట్టాను, గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. అప్పుడు కింద నుంచి గొంతు, "అమ్మాయ్, ఈ తలుపు తీస్తే ఈ కూతేంటే, ఎట్లా ఆపాలి?" అని. జెట్‌లాగ్ వల్ల నిద్ర పట్టక తులసికి నీళ్ళు పోద్దామని లేచింది ఆవిడ. నేను అక్కడే కార్పెట్ మీద కూర్చుండిపోయాను, చాలాసేపు లేవలేకపోయాను. గన్ వాడటం నేర్పే క్లాసులో చెప్పిన నాలుగు రూల్స్‌లో చివరిది అదే, ఎదురుగా ఉన్నది ఎవరో, వాళ్ళ వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదని. ఆ రోజు నుంచి ఇంకో రూల్ పెట్టుకున్నాం, సేఫ్ ముట్టుకునే ముందు గట్టిగా "ఎవరూ?" అని తెలుగులోనే అరవాలి. ఇంట్లోవాళ్ళైతే జవాబిస్తారు. పిల్లలకీ చెప్పాం, అత్తయ్యకీ చెప్పాం.

లయబిలిటీ ఇన్సూరెన్స్, అంటే మన వల్ల వేరేవాళ్ళకి నష్టం జరిగితే కట్టేది, దాని గురించి కూడా అడిగారు. హోమ్ పాలసీలో లయబిలిటీ భాగం పొరపాటున జరిగినదానికి పనిచేస్తుంది, కావాలని చేసినదానికి పనిచేయదు. మరి ఆత్మరక్షణలో కాల్చడం కావాలని చేసిందే కదా? స్టాండర్డ్ ఫారంలో అక్కడ ఒక వాక్యం ఉంటుంది, మనుషుల్ని, ఆస్తిని కాపాడుకోడానికి తగినంత బలం వాడితే ఆ మినహాయింపు వర్తించదని. అన్ని కంపెనీల పాలసీల్లోనూ ఆ వాక్యం ఉండదు, మీదాంట్లో వెతుక్కోండి, లేకపోతే ఏజెంట్‌ని ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. ఉన్నా అది సివిల్ కేసుకే, క్రిమినల్ లాయర్ ఖర్చు ఇవ్వరు. ఆ ఖర్చు కోసం సెల్ఫ్ డిఫెన్స్ మెంబర్‌షిప్‌లు అమ్ముతున్నారు, నెలకి ఇంతని. వాటిలో కొన్ని లాయర్ డబ్బులు ముందే కడతాయి, కొన్ని కేసు గెలిచాకే ఇస్తాయి, ఆ తేడా చాలా పెద్దది. అన్ని రాష్ట్రాల్లోనూ ఒప్పుకోరు కూడా, ఎన్‌ఆర్‌ఏ (గన్ యజమానుల సంఘం) పేరుతో 2017లో వచ్చిన క్యారీ గార్డ్ అనే పాలసీ తమ చట్టానికి విరుద్ధమని న్యూయార్క్ 2018లో దాన్ని అమ్మిన బ్రోకర్ కంపెనీ లాక్టన్‌కి 70 లక్షల డాలర్ల జరిమానా వేసింది. కాలిఫోర్నియాలో శాన్ హోజేలో ఉన్నవాళ్ళకి ఇంకో లెక్క, 2023 జనవరి నుంచి గన్ ఉంటే లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉండి తీరాలని సిటీ రూల్, మామూలు హోమ్ ఓనర్స్ పాలసీయో రెంటర్స్ పాలసీయో ప్రమాదాలకి కవర్ చేస్తే సరిపోతుంది. మేం మెంబర్‌షిప్ తీసుకోలేదు, 10 లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ (మామూలు పాలసీల పైన అదనపు లయబిలిటీ) తీసుకున్నాం, కారు యాక్సిడెంట్లకీ పనికొస్తుంది కాబట్టి. గన్ సీరియల్ నంబర్, రసీదు, ఫోటో ఈ మూడూ మెయిల్‌లో పెట్టుకున్నాను, టెక్సస్‌లో రిజిస్ట్రేషన్ ఉండదు, పోతే పోలీసులకి ఇవ్వడానికి ఆ నంబరే ఆధారం.

వచ్చే నెల మేం అయిదు వారాలు ఇండియా వెళ్తున్నాం. రేంజ్‌కి వాడే బ్యాగు గరాజ్‌లో విడిగా ఎర్ర టేప్ చుట్టి పెట్టాను, ప్రయాణానికి అది వాడకూడదని, ఎందుకంటే బ్యాగు మూలలో ఒక్క బుల్లెట్ ఉండిపోయి శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో దొరికితే ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు, తెలీక జరిగిందని నిరూపించుకునేసరికి సెలవులన్నీ స్టేషన్, కోర్టుల చుట్టూనే అయిపోతాయి. అయిదు వారాలు ఖాళీ ఇంట్లో గన్ వదలడం నాకు ఇష్టం లేదు, కొన్న షాపులోనే దాచడానికి ఇస్తున్నాం. తిరిగి తీసుకునేటప్పుడు మళ్ళీ ఫారం 4473 నింపాలి, మళ్ళీ నిక్స్ చెక్, మళ్ళీ డిలే రావచ్చు, పర్లేదు. నిన్న వెళ్ళి మాట్లాడి వచ్చాను. అప్పగించినప్పుడు సీరియల్ నంబర్ రాసిన రసీదు ఒకటి ఇస్తారట, దాన్ని లాకర్ తాళం పక్కన ఇంటి కాగితాల్లో పెడతాను.